దేశాటనం – మన చదువులో ఒక పాఠం



వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికివచ్చే వ్యాసం ఒకటి రాయమని అడిగినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చింది మన స్టడీ హాలు గోడమీది భారతదేశ పటం. మడతల దగ్గర చిరిగిపోతే అన్నం మెతుకులతో అతికించిన పటం అది. పదో తరగతి పరీక్షల ముందు నేను అందులో థార్ ఎడారిని ఎన్నిసార్లు గుర్తించానో లెక్కలేదు. కాని అప్పటికి నేను చూసిన అతి దూరపు ఊరు అనంతపురం. పటంలో చుక్క పెట్టడం వేరు, ఆ చుక్క దగ్గరికి పోయి నిలబడటం వేరు. ఈ తేడా గురించే ఈ వ్యాసం.

మన దేశం ఎంత పెద్దది?

పుస్తకాల్లో చదివినదే మరొకసారి గుర్తు చేసుకుందాం. భారతదేశ వైశాల్యం సుమారు 32 లక్షల 87 వేల చదరపు కిలోమీటర్లు. ఉత్తరం నుండి దక్షిణానికి 3,214 కి.మీ., తూర్పు నుండి పడమరకు 2,933 కి.మీ. గుజరాత్‌లో కంటే అరుణాచల్ ప్రదేశ్‌లో సూర్యుడు దాదాపు రెండు గంటల ముందే ఉదయిస్తాడు. గడియారంలో మాత్రం అందరికీ ఒకే సమయం. మేఘాలయలోని మాసిన్రామ్‌లో ఏడాదికి 11 వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. మన అనంతపురంలో సుమారు 550, రాజస్థాన్‌లోని జైసల్మేర్‌లో 200 లోపే.

ఇంత పెద్ద దేశాన్ని ఒక మనిషి పూర్తిగా చూడలేడు. అందుకే చూసివచ్చినవారు రాసినవి మనం చదవాలి. అలా చదివేటప్పుడు ఒక ప్రశ్న మరువకూడదు. దారి ఒకటే అయినా, అది అందరికీ ఒకేలాగా కనిపించిందా?

పల్లకిలో ఒక ప్రయాణం

తెలుగులో తొలి యాత్రాగ్రంథంగా పేరు పొందినది ఏనుగుల వీరాస్వామయ్య గారి ‘కాశీయాత్ర చరిత్ర’. ఆయన చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ, అనగా ఒకరి భాషను మరొకరికి తెలియజెప్పే ఉద్యోగి. 1830 మే 18న చెన్నపట్నం నుండి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. అంటే పదిహేను నెలలకు పైగా ప్రయాణం. వెంట దాదాపు వందమంది పరివారం. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా ప్రయాగ, కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ జగన్నాథం చూసుకొని సముద్రతీరం వెంబడి తిరిగివచ్చారు. అప్పటికి మన దేశంలో ప్రయాణీకుల రైలు లేదు. దారిలో చూసినది చూసినట్లు తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళె గారికి రాసి పంపేవారు. అదే 1838లో పుస్తకంగా వచ్చింది. 1941లో దిగవల్లి వేంకట శివరావు గారు దానిని సంపాదకత్వం వహించి మళ్ళీ అచ్చువేయించారు.

ఆ పుస్తకం మనకు ఎందుకు విలువైనది? ఆయన గుడులను మాత్రమే వర్ణించలేదు. ఏ ఊళ్ళో అంగళ్ళు ఉన్నాయి, ఏ ఊళ్ళో నీళ్ళు మంచివి, దిగడానికి చోటు ఉందా లేదా, ముందరి దారి ఎటువంటిది, అక్కడి మనుషుల ఆచారాలేమిటి అని మజిలీ మజిలీకీ రాసుకున్నారు. సుమారు రెండువందల ఏళ్ళ కిందట దేశం ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే ఈనాటికీ పండితులు ఆ పుస్తకం తెరుస్తారు. రాసిపెట్టుకున్న మాటకు ఉన్న బలం అది.

అయితే ఒకటి గమనించండి. పల్లకి తనంతట తాను నడవదు. దానిని మోసిన బోయీలు, సామాను మోసినవారు, వంటచేసినవారు కూడా ఆ దారిలో నడిచినవారే. వాళ్ళ కాళ్ళకు ఆ దారి ఎలా తగిలిందో చెప్పే పుస్తకం మనకు లేదు. వాళ్ళకు అక్షరం లేదు. తొలి తెలుగు యాత్రాగ్రంథంలో మన తాతముత్తాతలు ఉన్నారు, కాని మాట్లాడరు.

బండి దొరకని ప్రయాణం

నూరేళ్ళ తరువాత మాట్లాడినవారు ఒకరు వచ్చారు. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ గారు 1935 ప్రాంతంలో తన జీవితంలోని కొన్ని ప్రయాణాలను ఒక చిన్న రచనగా రాసుకున్నారు. దాని పేరుకు తెలుగులో ‘వీసా కోసం ఎదురుచూస్తూ’ అని అర్థం. పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ వారు 1990లో దానిని పుస్తకంగా తెచ్చారు. ఆయన చదువుకున్న అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో అది పాఠ్యాంశంగా ఉంది. పరాయి దేశానికి పోయేవాడికి వీసా కావాలి. స్వంత దేశంలో తిరగడానికి కూడా ఎవరిదో అనుమతి కావలసి వచ్చిన మనిషి పెట్టిన పేరు అది.

1901లో ఆయనకు తొమ్మిది, పదేళ్ళ వయసు. తండ్రిగారు గోరేగావ్ అనే ఊళ్ళో ఉద్యోగం చేస్తున్నారు. అక్కడ కరువు బాధితులకు పని కల్పించడానికి ప్రభుత్వం చెరువు తవ్విస్తోంది. కరువు పనుల చెరువు అంటే ఏమిటో మన ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు. సెలవులకు రమ్మని తండ్రి పిలిస్తే అన్నతో, అక్క పిల్లలతో కలిసి కొత్తబట్టలు వేసుకొని రైలెక్కారు. మసూర్ స్టేషన్లో దిగారు. ఉత్తరం అందక తండ్రి మనిషిని పంపలేదు. పిల్లల దుస్తులు చూసి స్టేషన్ మాస్టరు మొదట ఆప్యాయంగా పలకరించాడు. మహర్లమని చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది. ఎడ్లబండి వాళ్ళు ఎవరూ ఎక్కించుకోమన్నారు. చివరికి రెట్టింపు బాడుగ ఇచ్చి, బండి పిల్లలే తోలుకొనేటట్టు, బండివాడు పక్కన నడిచేటట్టు ఒప్పందం కుదిరింది. మూటలో అన్నం ఉంది. తాగడానికి నీళ్ళు ఇచ్చేవారు లేరు. నీళ్ళు లేక ఆ రాత్రి అన్నం ముట్టకుండానే పడుకున్నారు.

పెద్ద చదువులు చదివితే ఇది మారుతుందని మనం అనుకుంటాం. అమెరికా, లండన్ చదువుల తరువాత 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి పోతే ఆయనకు ఉండటానికి గది దొరకలేదు. పారశీకుల సత్రంలో పేరు మార్చుకొని దిగారు. పదకొండో రోజున కొందరు కర్రలు పట్టుకొని వచ్చి ఖాళీ చేయించారు. 1929లో చాలీస్‌గావ్ స్టేషన్లో దిగితే టాంగావాళ్ళు ఆయనను ఎక్కించుకోమన్నారు. అక్కడి తన వాళ్ళు గౌరవం కొద్దీ ఎలాగో ఒక టాంగా సంపాదించి, తోలడం రానివాడిచేత తోలించారు. అది తిరగబడి ఆయన కాలు విరిగింది.

చెరువు నుండి రాజ్యాంగం దాకా

1934లో ఆయన సుమారు ముప్ఫైమందితో కలిసి ఎల్లోరా గుహలు చూడటానికి బయలుదేరారు. దారిలో దౌలతాబాద్ కోట ఉంది. కోట వాకిట నిండుగా ఒక చిన్న చెరువు. దుమ్ము కొట్టుకుపోయిన ప్రయాణీకులు ముఖం, కాళ్ళు కడుక్కున్నారు. అంతే, చెరువు మైలపడిందని గొడవ మొదలైంది. చివరికి కోట చూడనిచ్చారు, కాని లోపల నీళ్ళు ముట్టుకోకుండా వెంట ఒక ఆయుధం పట్టిన సిపాయిని పంపారు.

ఇప్పుడు మన రాజ్యాంగంలోని 15వ అధికరణం రెండవ క్లాజు చదవండి. అంగళ్ళు, హోటళ్ళు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, ప్రజలు కలిసే చోట్లు – వీటి వాడకంలో కులం, మతం, జాతి, లింగం, పుట్టిన ఊరు కారణంగా ఎవరినీ ఆపరాదు అని ఉంటుంది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 19వ అధికరణం దేశమంతటా స్వేచ్ఛగా తిరిగే హక్కును, ఎక్కడైనా నివసించే హక్కును పౌరులకు ఇచ్చింది. పరీక్ష కోసం ఈ అంకెలను కంఠస్థం చేసేటప్పుడు మనకు విసుగు వస్తుంది. కాని మసూర్ బండిని, బరోడా సత్రాన్ని, దౌలతాబాద్ చెరువును ఒక పక్కన పెట్టుకొని మళ్ళీ చదవండి. రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షత వహించినవారు ఆ దారులన్నింటిలో దాహంతో నడిచినవారే. 1950 జనవరి 26 నుండి అవి అమలులోకి వచ్చాయి. మన వీసా మనకు అక్కడ రాసిపెట్టి ఉంది.

మహాకవి గుర్రం జాషువా గారు 1941లో రాసిన ‘గబ్బిలం’ కూడా ఒక ప్రయాణ కథే. గుడిలోకి రానివ్వని పేదవాడు తన గోడు శివునికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. మనిషికి లేని దారి గబ్బిలానికి ఉంది. ఆ కావ్యం మన హాస్టల్ లైబ్రరీలో ఉండవలసిన అవసరం ఎంతైనా ఉంది.

నేను చూసిన జైసల్మేర్

ఇక నా స్వంత అనుభవం కొంచెం చెప్పనివ్వండి. పి.జి. చదివేటప్పుడు విద్యాయాత్రకు రాజస్థాన్ వెళ్ళాం. అనంతపురంలో కర్ణాటక ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఢిల్లీకి రెండు రాత్రులు, మధ్యలో ఒక పగలు. గుంతకల్లు దాటాక నిద్రపోయాను. లేచేసరికి ఎర్రనేల పోయి నల్లరేగడి వచ్చింది. జొన్న, చెరకు, ఆ తరువాత మైళ్ళకొద్దీ అరటి. మధ్యాహ్నం దాటాక ఒక స్టేషన్ బోర్డు కిటికీ ముందు నుండి పోయింది. చాలీస్‌గావ్. బండి ఆగలేదు. నేను మాత్రం లేచి తలుపు దగ్గరికి పోయి వెనక్కి చూస్తూ నిలబడ్డాను.

అంతకు ముందే ఒక చిన్న సంగతి జరిగింది. ఎదుటి సీటు పెద్దాయన నాకు రొట్టెలు పెట్టి, ఊరు అడిగాడు, చదువు అడిగాడు, సంతోషించాడు. తరువాత ఇంటిపేరు అడిగాడు, నాన్న ఏం చేస్తాడని అడిగాడు. చెప్పాను. ఆ తరువాత ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చొని మళ్ళీ మాట్లాడలేదు. నేను చెప్పిన జవాబు వల్లనా, నిద్ర వచ్చా, నాకు ఈనాటికీ తెలియదు. మనలో చాలామందికి ఈ తెలియకపోవడం తెలుసు. తమ్ముళ్ళూ, దీనివల్ల ప్రయాణం మానకండి. ఆయన రొట్టెలు పెట్టిన సంగతినీ, మాట ఆపిన సంగతినీ రెండింటినీ రాసుకోండి. రెండూ దేశమే.

జైసల్మేర్ ప్రాంతంలో ‘ఖడీన్’ అనే పొలాలు చూశాం. రాతి నేల మీద పడిన వాననీరు పల్లానికి జారి వస్తుంది. ఆ పల్లంలో అడ్డంగా పొడవైన మట్టికట్ట వేస్తారు. నీరు కట్ట వెనుక నిలిచి నేలలోకి ఇంకుతుంది. నీరు ఇంకాక, ఆ తడి మీదనే చలికాలంలో గోధుమ, శనగ విత్తుతారు. వేరే నీరు పెట్టరు. పాలీవాల్ అనే వారు కొన్ని వందల ఏళ్ళ కిందట ఈ పద్ధతిని అక్కడ పెంచారని చెబుతారు.

అక్కడి రైతు ఒకాయన మా ఊళ్ళో వాన ఎంత అని అడిగాడు. చెప్పాను. ‘మా కంటే రెండింతలు పైన! మరి కరువెందుకు?’ అన్నాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. సిగ్గుపడ్డాను కూడా. వచ్చాక పుస్తకాలు తిరగేసి జవాబు వెతికాను. 2011 జనాభా లెక్కల ప్రకారం జైసల్మేర్ జిల్లాలో చదరపు కిలోమీటరుకు 17 మంది, ఉమ్మడి అనంతపురం జిల్లాలో 213 మంది ఉన్నారు. వాళ్ళకు పశువుల మందలు ఆధారం, మనకు వేరుశనగ చేను ఆధారం. మన ఎర్రనేలలు చాలాచోట్ల లోతు లేనివి, తడిని ఎక్కువ రోజులు పట్టుకోలేవు. ఏడాది మొత్తం వాన లెక్కకు సరిపోయినా, ఊడలు దిగేవేళ మూడు వారాలు మొండికేస్తే చేను పోయినట్లే. కాబట్టి వాన అంకె ఒక్కటే చూసి కరువును కొలవరాదు. ఆ రైతు ప్రశ్న అడగకపోతే నేను ఈ సంగతి ఆలోచించేవాడినే కాను.

ఇంకొక సంగతి కూడా తెలిసింది. కట్ట వేసి నీరు నిలిపే విద్య మనకు కొత్తది కాదు. మన శింగనమల పెద్దచెరువు, పక్కనున్న బుక్కరాయసముద్రం చెరువు మన పెద్దలు నిలిపినవే. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం ఒకటి ఉంది. మంచి చెరువుకు ఏమేమి కావాలో, ఏ దోషాలు ఉండకూడదో అందులో రాళ్ళమీద చెక్కించారు. పుట్టి పెరిగిన ఊరి చెరువు కట్టమీద నేను ఎన్నోసార్లు కూర్చున్నాను. దాని విలువ తెలియడానికి జైసల్మేర్ దాకా పోవలసి వచ్చింది. దేశాటనం వలన కలిగే పెద్ద లాభం ఇదే. పరాయి ఊరు చూశాక మన ఊరు కనిపిస్తుంది.

మన ఇళ్ళలోని యాత్రికులు

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడిని నేను. కాని దేశం తిరిగిన మొదటిదాన్ని మా అమ్మ. బెంగుళూరులో ఏ మేడకు తాను ఇసుక మోసిందో, ఏ లేఅవుట్లో ఒక మేస్త్రీ రెండు వారాల కూలి ఎగ్గొట్టి పోయాడో ఈనాటికీ చెబుతుంది. కన్నడం మాట్లాడుతుంది. బస్సు బోర్డు చదవలేదు కాబట్టి నంబరు ఆకారాన్ని గుర్తు పెట్టుకొని ఎక్కేది. ‘నువ్వు రైల్లో చూసొచ్చింది దేశమైతే, నేను చూసింది ఏందిరా?’ అని ఒకరోజు అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆమె అన్నది నిజం.

మనలో ఎంతమంది అమ్మానాన్నలు బెంగుళూరుకు, కేరళకు వలస పోయి వచ్చినవాళ్ళు! వాళ్ళు అక్కడి వంట, భాష, కూలిరేటు, మనుషుల మంచీచెడూ చూసినవాళ్ళు. వీరాస్వామయ్య గారు మజిలీ మజిలీకీ రాసుకున్నవి సరిగ్గా ఇవే. తేడా ఒకటే. వీళ్ళవి ఎవరూ రాయలేదు.

మన పల్లెల్లో ‘తిరిగి చెడింది ఆడది, తిరగక చెడ్డాడు మగవాడు’ అని సామెత. ఇది ఎంత తప్పో లెక్కలే చెబుతాయి. 2011 జనాభా లెక్కల్లో దేశంలో 45 కోట్లకు పైగా జనం తాము పుట్టినచోటో, ఇదివరకు ఉన్నచోటో వదిలి వచ్చినవారుగా నమోదయ్యారు. వారిలో ఎక్కువమంది ఆడవాళ్ళే, పెళ్ళితో ఊరు మారినవాళ్ళే. కొత్త ఊరికి పోయి, కొత్త మనుషుల మధ్య బ్రతకడం నేర్చుకున్నది ఎక్కువగా వాళ్ళే. చెల్లెళ్ళు ఇంకొక పేరు కూడా గుర్తుంచుకోవాలి. మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా గిరిజన కుటుంబంలో పుట్టి, మనలాగే సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన అమ్మాయి. భువనగిరి గుట్టమీద, డార్జిలింగులో, లడఖ్‌లో శిక్షణ పొంది 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే, ఎవరెస్టు శిఖరం ఎక్కింది. ఆమెతోపాటు ఎక్కిన సాధనపల్లి ఆనంద్ కుమార్ ఖమ్మం జిల్లా గురుకుల విద్యార్థి. ఒకప్పుడు మనవాళ్ళకు బండి దొరకని దేశంలో ఇది జరిగింది.

ప్రయాణంలో ఏమి గమనించాలి?

మీరు ఉద్యోగ పరీక్షకు పోయినా, ఆటల పోటీలకు పోయినా, అమ్మానాన్నల వద్దకు సెలవుల్లో పోయినా ఒక చిన్న నోటుబుక్కు వెంట ఉంచుకోండి. ఈ కింది అయిదు సంగతులు రాసుకోండి.

1. నీళ్ళు: ఆ ఊరికి తాగే నీళ్ళు ఎక్కడ నుండి వస్తాయి? ఎవరు మోస్తారు?

2. పని, కూలి: అక్కడ జనం ఏ పని చేస్తారు? ఆడవాళ్ళ కూలి, మగవాళ్ళ కూలి ఎంతెంత?

3. తిండి: ఏ ధాన్యం తింటారు? అది అక్కడే పండుతుందా?

4. భాష: కనీసం పది మాటలు నేర్చుకోండి. నీళ్ళు, అన్నం, దారి, ఎంత, అన్న, అక్క – వీటితో మొదలుపెట్టండి.

5. హద్దులు: ఆ ఊళ్ళో ఎవరి ఇళ్ళు ఊరి చివర ఉన్నాయి? ఎవరు ఎక్కడికి రాకుండా ఆగిపోతున్నారు? ఈ ప్రశ్న మనం తప్ప చాలామంది అడగరు.

చూసినది చూసినట్లు, తేదీతో సహా రాయండి. విన్నదానిని విన్నట్లుగా వేరుగా రాయండి. ఒక్క మనిషి చేసిన మంచికో, చెడుకో ఆ రాష్ట్రమంతటినీ మెచ్చుకోవద్దు, తిట్టవద్దు.

చివరిగా ఒక పని. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ అమ్మనో, నాన్ననో, అవ్వనో పక్కన కూర్చోబెట్టుకొని, వాళ్ళు పోయివచ్చిన ఊళ్ళ పేర్లు అడిగి ఒక పేజీ రాసుకొని రండి. స్టడీ హాలు పటంలో ఆ ఊళ్ళ దగ్గర ఎర్రసిరాతో చుక్కలు పెట్టండి. వచ్చే ఏడాది సంచికలో ఆ పేజీలు అచ్చయితే, మా అమ్మ అడిగిన ప్రశ్నకు మనమందరం కలిసి జవాబు చెప్పినట్లవుతుంది. మా అమ్మ చెప్పిన పేజీ నేను ముందుగా పంపుతాను.